జవాబు వచ్చినదని తెలుపు జాబు

జవాబు వచ్చుట యొక యెత్తు. వచ్చినదని తెలియుట మఱియొక యెత్తు. మన పెద్దలకీ రెండును నొకటిగానే యుండెను. ఏలయన, వారి కాలమున ఉత్తరమే నడచివచ్చి తలుపు తట్టెడిది. పోస్టు బంట్రోతు వీధిమలుపు తిరుగగానే పిల్లలు కేకవేయుదురు. అతడు జాబును చేతికిచ్చుటయు, జవాబు వచ్చినదన్న యెఱుక గలుగుటయు నొక్క నిమిషముననే జరిగిపోవును. తిరుగు టపాలో జవాబు వ్రాయుడని వేడుకొను కూతురికి గాని, దూరదేశమునందున్న కుమారుని జాబుకై గడపలో గూర్చుండు తల్లికి గాని, జవాబు వచ్చి యెక్కడనో పడియున్నదేమో యను సందేహము కలుగవలసిన పని లేదు.

నేడట్లు కాదు. మనము వేసిన ప్రశ్నలకు జవాబులనేకము మన యింటికి రావు. అవి యెక్కడనో యొక కంప్యూటరులోని పట్టికలో వ్రాయబడి యచ్చటనే యుండును. మనము పోయి చూచుకొన్నగాని కానరావు. దినదినమును పోయి చూచుట యెవరితరము? అందుచేత జవాబు వ్రాయబడినంతనే, మనుష్యుల ప్రమేయము లేకయే, ‘మీ ప్రశ్నకు జవాబు వచ్చినది, చూచుకొనుడు’ అని యొక ఈమెయిలో, సెల్‌ఫోనునకొక సందేశమో తనంతట తాను బయలుదేరునట్లు ఏర్పాటు చేసిరి. ఆ చిన్న జాబును గూర్చియే మేమిచ్చట వ్రాయదలచితిమి. ఇది యంత్రజ్ఞుల గొడవ యని సోదరీమణులు పుట త్రిప్పివేయకుందురు గాక. ఆ జాబు ఒకరికి రావలసియుండ మఱియొకరికి పోవుటవలన నష్టపడువారిలో గృహిణులే యెక్కువ యని మా యభిప్రాయము. అది యెట్లో ముందు చెప్పెదము.

ఎదురుచూచువారి తహతహను తపాలావారు మొదటినుండియు నెఱుగుదురు. మన దేశమున 1879వ సంవత్సరము జూలై 1వ తేదీన కాలణా పోస్టుకార్డు వెలువడినది. అటుపిమ్మట జవాబు కార్డులు వచ్చినవి. రెండు కార్డులొకదానినొకటి యంటియుండును; ఒకదానిపై మన సంగతి వ్రాసి పంపినచో, అవతలివారు రెండవదానిని వేఱుచేసి, దానిపై జవాబు వ్రాసి టపాలో వేయుదురు. వారికి దమ్మిడీ ఖర్చు లేదు. కావున జవాబీయకుండుటకు సాకును లేదు. రిజిష్టరు ఉత్తరమునకైతే రసీదు కార్డు గలదు. జాబందుకొన్నవారు దానిపై సంతకము చేయగా నది తిరిగి మన యింటికి వచ్చును. పెండ్లిమాటలు నడచుచున్న యిండ్లలోను, భూమి తగవులున్న యిండ్లలోను ఆ కార్డునకుండిన గౌరవమింతంత గాదు. ‘మీ జాబు మాకు చేరనే లేదు’ అని వియ్యాలవారు తప్పించుకొనుటకు వీలులేకపోయెడిది! ఆ రిజిష్టరు తపాలాను 2025వ సంవత్సరమున స్పీడుపోస్టులో గలిపివేసిరి. టెలిగ్రాము అంతకుముందే, 2013 జూలై నెలలో నిలిచిపోయినది.

అయితే రసీదు కార్డు చెప్పునది ‘మీ ప్రశ్న చేరినది’ అని మాత్రమే. మనము చెప్పుకొనుచున్న జాబు దానికి చెల్లెలు. అది ‘మీ ప్రశ్నకు జవాబు సిద్ధమైనది’ అని చెప్పును.

ఈమెయిలు పుట్టుకను గూర్చి రెండు మాటలు చాలును. 1971వ సంవత్సరమున అమెరికాలో రే టామ్లిన్‌సన్ అను ఇంజనీరు ఒక కంప్యూటరునుండి మఱియొకదానికి జాబు పంపి, వ్యక్తి పేరునకును కంప్యూటరు పేరునకును నడుమ నేడు మనమందఱము వ్రాయుచున్న ఆ చుట్టుతోక గుర్తును బెట్టెను. జాబులు చేతులు మారవలసిన తీరును నిర్ణయించు నిబంధనలను 1982లో జాన్ పోస్టెల్ అనునతడు ప్రకటించెను. ఆ యేడే జాబుల రూపమును గూర్చి వెలువడిన మఱికొన్ని నిబంధనలలో మాకు ముచ్చట గొలిపిన దొకటి గలదు. ప్రతి జాబునకును ఒక గుర్తుసంఖ్య యుండవచ్చును. జవాబు వ్రాయు జాబు తాను ఏ సంఖ్యగల జాబునకు జవాబో తనలోనే చెప్పుకొనవచ్చును. మన పెద్దలు ‘ఉభయకుశలోపరి’ యని వ్రాసినపిమ్మట ‘తాము ఫలానా తేదీని వ్రాసిన జాబు చేరి సంగతులు విశదమైనవి’ అని వ్రాయుట మఱచెడివారు కారు. యంత్రముగూడ నా మర్యాదనే పాటించుచున్నది. ఆ సంఖ్యనుబట్టియే మన ప్రశ్నయు, దాని జవాబును నేడు ఫోనులో నొకదాని క్రింద నొకటిగా గానవచ్చుట.

ఇక ఈ సూచన జాబు తనంతట తాను బయలుదేరు విధము. ప్రశ్న వేయునప్పుడే అడిగినవారి పేరు, చిరునామా, ప్రశ్నకిచ్చిన సంఖ్య యొక పట్టికకెక్కును. జవాబు వ్రాయువారు తమ పని ముగించి మీట నొక్కినంతనే, ‘ఫలానా సంఖ్యకు జవాబైనది’ అను సంగతి మఱియొక పట్టికలో జేరును. దానిని పంపవలసిన జాబుల జాబితా యనుకొందము. కొన్ని నిమిషములకొకమాఱు మేల్కొను సాధనమొకటి కంప్యూటరులో నుండును. అది లేచి, జాబితాను జూచి, పంపనివాటిని ఏరి, చిరునామా వెదకి, జాబు గట్టి ఈమెయిలు టపాలో వేసి, ప్రక్కన ‘పంపబడినది’ అని గుర్తుపెట్టి మరల నిద్రించును. జవాబు వ్రాసిన క్షణముననే యేల పంపరాదని యడుగవచ్చును. కొందఱట్లును జేయుదురు. కాని టపా దారి యప్పుడు చెడియుండినచో ఆ జాబు గాలిలో కలిసిపోవును. జాబితాలో నున్నచో దారి బాగుపడినపిమ్మట మరల ప్రయత్నింపవచ్చును.

ఇందొక చిక్కు గలదు. పాలలెక్క వ్రాసికొను గృహిణికిది సులభముగా బోధపడును. పాలు పోయించుకొని కాలెండరుపై గీత పెట్టవలెనా, గీత పెట్టి పాలు పోయించుకొనవలెనా? పాలు పోయించుకొన్న తరువాత, గీత పెట్టకముందే పొయ్యిమీది యన్నము పొంగి మనము లోపలికి పరుగెత్తితిమేని, లెక్కలో ఆనాటి పాలు రాలేదనియే యుండును. ముందే గీత పెట్టి, పాలమనిషి రాకుండెనేని, రాని పాలకు డబ్బిత్తుము. యంత్రమునకును సరిగా నిదే సంకటము. జాబు పంపి, గుర్తు పెట్టకమునుపు విద్యుచ్ఛక్తి పోయెనా, మేల్కొన్నపిమ్మట నదే జాబును రెండవమాఱు పంపును. ముందు గుర్తు పెట్టి, పంపకమునుపు శక్తి పోయెనా, ఆ జాబిక నెన్నటికిని పోదు. ఈ రెండు దోషములలో నేది మేలని యడిగినచో, మేము నిస్సందేహముగా మొదటిదానినే కోరుదుము. ఒకే సంగతిని రెండుమాఱులు వినుటవలన విసుగు మాత్రమే. వినకపోవుటవలన గడువే దాటిపోవచ్చును. గట్టి పనివారు ప్రతి సూచనకు నొక సంఖ్యనిచ్చి, ఆ సంఖ్యగలది మరల వచ్చినచో రెండవదానిని వదలివేయునట్లు చేయుదురు.

‘పంపబడినది’ అను మాటను మాత్రము గుడ్డిగా నమ్మరాదు. పంపుట వేఱు, చేరుట వేఱు, చదువబడుట వేఱు. చిరునామాలో నొక్క యక్షరము తప్పినను జాబు ‘ఇట్టివారిచ్చట లేరు’ అని వెనుకకు మరలును. మరలిన జాబును జూచు దిక్కు ఎన్నియో కార్యాలయములలో నుండదు. వారి పట్టికలో ‘పంపబడినది’; అడిగినవారి యింట మౌనము. మరలివచ్చిన జాబును లెక్కకు దెచ్చుకొని, అట్టివారికి ఫోను సందేశముగాని, కాగితపుటుత్తరముగాని పంపు నేర్పాటు చేసినప్పుడే ఈ పని పూర్తియైనట్లు. సగము చేసి చేతులు కడుగుకొన్నవారే యెక్కువ.

అతిగా పనిచేయుటయు నొక దోషమే. జవాబు వ్రాసినవారు తమ యచ్చుతప్పులను మూడుమాఱులు దిద్దినచో మూడు సూచనలు వచ్చుట, మన మాటకు మనమే చేర్చిన మాటకు మనకే సూచన వచ్చుట, ఒకే ప్రశ్నకు పదిమంది జవాబిచ్చినచో పదిమాఱులు ఫోను మ్రోగుట — ఇవన్నియు నాలోచన లేక కట్టిన యంత్రముల పనులు. దిద్దుబాట్లకు కొన్ని నిమిషములు వేచియుండి, పది జవాబులను సాయంకాలమున నొక్క జాబులో గూర్చి పంపుట యుత్తమము. లేకున్న చదువువారు విసిగి అన్నిటిని చూడక తుడిచివేయుదురు. వానితో గావలసినదియు గొట్టుకొనిపోవును.

ఇంకొక వింత గలదు. ‘నేను ఊరిలో లేను, వచ్చినపిమ్మట వ్రాసెదను’ అని తనంతట తాను బదులుచెప్పు ఏర్పాటును కొందఱు చేసికొందురు. మన సూచన యంత్రము వారికి జాబు పంపును. వారి యంత్రము బదులు చెప్పును. మన యంత్రము దానిని క్రొత్త మాటగా నెంచి మరల సూచన పంపును. ఇద్దఱు చెవిటివారు వీధియరుగుపై గూర్చుండి ‘ఏమంటిరి?’ ‘ఏమంటిరి?’ అని తెల్లవార్లు నడుగుకొన్నట్లుండును! ఎరిక్ ఆల్మన్ అను ప్రసిద్ధ కంప్యూటరు పండితుడు ఊరిలో లేనివారి పక్షమున బదులుచెప్పు సాధనమును జేసినప్పుడు, బదులిచ్చినవారి పేర్లను గుర్తుంచుకొని, ఒకే మనిషికి మామూలుగా వారమునకొక్కసారి మాత్రమే బదులుపోవునట్లు కట్టడిచేసెను. 2004లో ప్రకటింపబడిన నిబంధనలలో, యంత్రము పంపిన జాబుపై ‘ఇది యంత్రము పంపినది’ అను గుర్తుండవలెననియు, అట్టి గుర్తుగల జాబునకు మఱియొక యంత్రము బదులు చెప్పరాదనియు సూచించిరి.

దొంగజాబుల బెడదచేత నిజమైన సూచనలుకూడ మన ఫోనులోని చెత్తబుట్టలోనికి పోవుచుండుట యందఱకును దెలిసినదే. అడుగని జాబులను వందలమందికి గుమ్మరించుట 1978నాడే ఆరంభమైనది. ఈ కారణమున 2024 ఫిబ్రవరినుండి జీమెయిలువారును యాహూవారును పెద్దయెత్తున జాబులు పంపువారికి కట్టుబాట్లు విధించిరి. పంపుసంస్థ తన ముద్ర తనదేయని నిరూపించుకొనవలెను; ప్రచారపు జాబులు వద్దనుకొన్నవారు ఒక్క నొక్కుతో మానిపించుకొను సదుపాయముండవలెను. మంచిదే. అయినను వారమునకొకమాఱు ఆ చెత్తబుట్టను దిరుగవేయుట మన వంతు. బియ్యము చెఱుగునప్పుడు చేటలోనుండి నూకలతోబాటు నాలుగు గింజలు పోవుట సహజమే గదా!

ఇప్పుడు ముందు చెప్పెదమన్న సంగతికి వత్తుము. 2005వ సంవత్సరపు సమాచారహక్కు చట్టము ననుసరించి ప్రభుత్వ కార్యాలయమును ప్రశ్నించు హక్కు ప్రతి పౌరురాలికిని గలదు. మామూలుగా 30 దినములలోపల జవాబీయవలెను. జవాబు తృప్తికరముగా లేనిచో, అది యందిన 30 దినములలోపల పై యధికారికి అప్పీలు చేసికొనవచ్చును. జవాబే రానిచో గడువు ముగిసిన నాటినుండి 30 దినములు. ఆలస్యమునకు తగిన కారణమున్నదని తోచినచో నా యధికారి తరువాతకూడ స్వీకరింపవచ్చును గాని, ఆ కారణమును మనము చూపవలెను. కేంద్రప్రభుత్వ శాఖలకు ఈ ప్రశ్నలను కంప్యూటరు ద్వారా పంపు నేర్పాటు 2013లో ఆరంభమైనది. రుసుము 10 రూపాయలు; దారిద్ర్యరేఖకు దిగువనున్నవారికి అదియు లేదు. ప్రశ్న పంపగానే నమోదు సంఖ్య వచ్చును. అటుపిమ్మట ఈమెయిలు సూచనలు వచ్చును. మొబైలు నంబరు నిచ్చినవారికి ఫోను సందేశములును వచ్చును.

రైల్వేలో పనిచేసి మరణించిన భర్తయొక్క కుటుంబపింఛను దరఖాస్తు ఏ బల్లపై నాగియున్నదో తెలిసికొనగోరిన యొక వితంతువును ఊహింపుడు. ఆమెకు ఈమెయిలు లేదు. తోడికోడలి కుమారుడు నెట్ సెంటరులో గూర్చుండి, తెలివిగా ప్రశ్న వ్రాసి, తన ఈమెయిలును తన నంబరును బెట్టి పంపెను. అతడు మంచివాడే. కాని యుద్యోగమువలన పూనా పోయెను. ఇరువదియైదవ దినమున జవాబు వచ్చెను: ఫలానా ధ్రువపత్రము జతపఱుపబడలేదు, పంపిన వెంటనే మంజూరు చేయబడును. సూచన జాబు యథావిధిగా బయలుదేరెను. అతని ఈమెయిలులో బ్యాంకువారి జాబుల నడుమ, అంగడుల ప్రకటనల నడుమ జేరెను. ఇచ్చట ఆ తల్లి ‘గవర్నమెంటువారు మనవంటివారికి జవాబేమి వ్రాయుదురు?’ అని నిట్టూర్చి యూరకుండెను. కార్యాలయమువారు తమ కర్తవ్యము జేసిరి. యంత్రము తన పని తాను జేసెను. కుఱ్ఱవాడు నుపకారమే చేసెను. పింఛను మాత్రము రాలేదు. ఎవరిని దూఱవలెను?

యంత్రము మనిషి నెఱుగదు. చిరునామా నొక్కదానినే యెఱుగును. ఏ చిరునామాకు మాటయిచ్చినదో దానికే మాట నిలుపుకొనును. గృహిణి వేసిన ప్రశ్న యామెదే, ఎదురుచూపు నామెదే, సూచన పోవునది భర్త చొక్కాజేబులోని ఫోనునకు, లేదా కుమారుని ఈమెయిలునకు, ఒక్కొక్కప్పుడు తొందరలో తన నంబరునే వేసిపెట్టిన నెట్ సెంటరువానికి. భర్త నంబరు నిచ్చుట తప్పని మేమనము. కలసిమెలసి యుండు సంసారములలో నొకరి జాబునొకరు చదివిపెట్టుట యుండనే యున్నది. కాని ఆయన యాఫీసు పనిలో నుండగా వచ్చిన సందేశము సాయంకాలమునకు జ్ఞాపకముండునా? అదిగాక భర్త మరణించినపిమ్మట ఆ సిమ్మును కట్టిపెట్టుదురు. వాడుకలేని నంబరు కొంతకాలమునకు వేఱొకరికీయబడును. అప్పుడీమె పింఛను సంగతి యే యూరిలోనో ముక్కు మొగ మెఱుగని మనిషి చేతిలో మ్రోగును.

తన పేర నొక ఈమెయిలును, తన చేతిలో నుండు నొక నంబరును గలిగియుండుట నేటి గృహిణికి తాళపుచెవుల గుత్తివంటిది. ఈమెయిలునకు డబ్బక్కఱలేదు. దానిలోనికి పోవు రహస్యపదమును మాత్రము మఱచిపోరాదు. నెట్ సెంటరు గోడపై వ్రాసిరానురాదు. నంబరు మారినప్పుడు బ్యాంకులో మార్పించుకొనుట యందఱకును దోచును. జవాబునకై యెదురుచూచుచున్న చోటులలో మార్పించుకొనుట తోచదు.

ఆ జాబులోపల నేమి వ్రాయవలెననుటలోగూడ వివేకము కావలెను. హనుమంతుడు సముద్రము దాటి తిరిగివచ్చినప్పుడు, కాచుకొనియున్న వానరులకు దేవిని చూచిన సంగతిని మొదట సంక్షేపముగా జెప్పి, కథయంతయు తరువాత విస్తరించినట్లు వాల్మీకి వర్ణించెను. సూచనకు నదియే లక్షణము. ‘గౌరవనీయులగు దరఖాస్తుదారులకు విన్నపము’ అని మొదలుపెట్టి, ఏ ప్రశ్నయో, జవాబైనదో లేదో చివరి పంక్తివఱకు చెప్పని జాబులను మేము చూచితిమి. మొదటి పంక్తిలోనే ఏ ప్రశ్నకు జవాబు వచ్చినదో, ఎన్నాళ్లలో నేమి చేయవలెనో యుండవలెను. జవాబునంతను అందే వ్రాయుట మాత్రము అన్నివేళల మంచిది కాదు. ఫోను మూసియుండగనే సందేశములోని మాటలు పైకి గానవచ్చును గదా. వైద్యురాలినడిగిన ప్రశ్నయు, వకీలునడిగిన ప్రశ్నయు వంటింటి బల్లపై నలుగురి కండ్లబడునట్లు వచ్చుట యెంత యిబ్బందియో చెప్పనక్కఱలేదు. అట్టిచోట ‘మీరడిగినదానికి జవాబు వచ్చినది’ అనుటతో నిలుపుటయే మర్యాద. ‘దీనికి తిరిగి జవాబు వ్రాయకుడు’ అను చిరునామానుండి వచ్చు జాబులనుగూర్చి యేమనవలెను? పిలిచి మాటచెప్పి, మనము నోరు తెఱచునంతలో తలుపు వేసికొన్నట్లుండును. పనివారిని మేము వేడుకొనునదేమన, తిరిగి యడుగుటకొక చోటైనను ఆ జాబులోనే చూపుడు.

మోసగాండ్రుకూడ నీ వేషమునే వేయుచున్నారు. ‘మీ ఫిర్యాదునకు జవాబు వచ్చినది, ఇచ్చట నొక్కుడు’ అని వచ్చిన ప్రతి సందేశమును నమ్మరాదు. ఆ జాబులోని లంకెను నొక్కక, నమోదు సంఖ్యతో ఆ కార్యాలయపు చోటునకే నేరుగా పోయి చూచుకొనవలెను. నిజమైన జవాబైనచో నచ్చటనే యుండును. ఒకవేళ మోసపోయి డబ్బు పోగొట్టుకొన్నచో సిగ్గుపడి దాచక, వెంటనే 1930 నంబరునకు ఫోను చేయవలెను. ఎంత త్వరగా చేసిన డబ్బు నాపుటకంత యవకాశము.

ప్రశ్న పంపిన దినముననే నమోదు సంఖ్యను కాగితముపై వ్రాసి, రేషనుకార్డు పెట్టెలో భద్రపఱుపుడు. పాలలెక్క వ్రాయు కాలెండరులోనే ముప్పదవ దినమునకు చుట్టు గీయుడు. ఆ దినమువఱకు ఏ సూచనయు రాకున్నను, పోయి ఒకమాఱు చూచిరండు.